నూరు శాతం

కాలేజీకి ఏ పెద్దమనిషి వచ్చినా భీమశంకరరావు గారు పరీక్షల విభాగం గది ముందు కాసేపు ఆగేవారు. లోపల కంప్యూటరు ముందు కూర్చున్న ఈశ్వరిని చూపించి ఒకే మాట చెప్పేవారు. "జాలారిపేట అమ్మాయండి. ఇక్కడే చదివింది, కాలేజీ ఫస్టు. తండ్రి పోతే నేనే ఉద్యోగం ఇచ్చి నిలబెట్టాను. నాకు కూతురితో సమానం."

ఈశ్వరి లేచి నమస్కారం పెట్టేది. వచ్చినాయన ఇద్దర్నీ మెచ్చుకోలుగా చూసి ముందుకు కదిలేవాడు. ఆమె మళ్ళీ కూర్చుని, ఆగిన వరుస నుంచే మార్కులు ఎక్కించడం మొదలుపెట్టేది.

పదేళ్లుగా ఇదే తంతు. ఈ పదేళ్లలో ఆమె ఆయనను క్షమించిన రోజు ఒక్కటి కూడా లేదన్న సంగతి ఆ కాలేజీలో ఎవరికీ తెలియదు.

పన్నెండేళ్ల కిందట ఆమె ఆ కాలేజీలోనే బీఎస్సీ మొదటి సంవత్సరం పూర్తిచేసింది. ఇల్లు ఫిషింగ్ హార్బర్ పక్కన, కాలేజీ గాజువాకలో. ఉదయం ఏడింటికి బస్సెక్కితే సింధియా మీదుగా వెళ్ళి, తిరిగి ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు దాటేది. ఆ వేసవిలో తండ్రి అప్పలరాజు బోటు మీంచి జెట్టీ మీదికి దూకబోయి జారి పడ్డాడు. నడుం విరిగి మంచాన పడ్డాడు. తల్లి సూర్యకాంతమ్మ తెల్లవారకముందే హార్బర్లో వేలంపాటకు వెళ్ళి, చేపలు తట్టలో పెట్టుకుని మధ్యాహ్నం దాకా వీధులు తిరిగి అమ్మేది. పగటిపూట మంచాన ఉన్న మనిషి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి.

ఇంటికి నడిచిపోయేంత దూరంలో ఒక ఆడపిల్లల కాలేజీ ఉంది. మధ్యాహ్నానికల్లా క్లాసులు అయిపోతాయి. రెండో సంవత్సరంలో సీటు ఖాళీ ఉందని తెలిసి ఈశ్వరి వెళ్ళి అడిగింది. అక్కడి మేడమ్ మంచిగానే చెప్పింది. "మొదటి సంవత్సరం ట్రాన్స్‌క్రిప్టు మీ ప్రిన్సిపాల్ సంతకంతో, సీలు వేసిన కవరులో పట్టుకురామ్మా. జులై ముప్ఫై ఒకటి ఆఖరు తేదీ. అది లేకపోతే మళ్ళీ మొదటి సంవత్సరంలోనే చేరాలి."

ట్రాన్స్‌క్రిప్టు అంటే పెద్ద విషయమేమీ కాదు. ఏ సబ్జెక్టులు చదివింది, ఎన్ని మార్కులు వచ్చాయి, ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టడమే. ఆ సంతకం పెట్టాల్సింది కాలేజీకి యజమానీ ప్రిన్సిపాలూ అయిన భీమశంకరరావు గారు. ఆ ఏడు కాలేజీ ఫస్టు వచ్చిన పిల్లగా ఈశ్వరి ఫొటోతో ఆయన జంక్షన్లో ఫ్లెక్సీ కట్టించారు. ఫ్లెక్సీలో ఉన్న పిల్ల వేరే కాలేజీకి పోవడం ఆయనకు ఇష్టం లేదు. అలాగని ఇవ్వను అనలేదు. "రేపు రామ్మా" అన్నారు. మర్నాడు మీటింగు అన్నారు. ఆ తర్వాత క్లర్కు సెలవు అన్నారు. జులై నెలలో ఈశ్వరి పదకొండుసార్లు ఆ గది ముందు నిలబడింది.

ఇరవై తొమ్మిదో తారీకున సూర్యకాంతమ్మ తనే వచ్చింది. వేలంపాట నుంచి నేరుగా, ఖాళీ తట్టతో, చీర కుచ్చెళ్ళకు చేపనీళ్ళ మరకలతో వచ్చి వరండాలో నిలబడింది. భీమశంకరరావు గారు బయటికి వచ్చి ఒకసారి చూశారు. జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఆమెతో మాట్లాడలేదు. ఆఫీసులో పనిచేసే చిట్టమ్మను పిలిచి, "ముందు ఇక్కడ ఫినాయిలు పొయ్యి. వాసన పోయాక మాట్లాడదాం" అన్నారు. చిట్టమ్మ డబ్బా తెచ్చి పోసింది. తెల్లటి నీళ్ళు సూర్యకాంతమ్మ కాళ్ళ కిందికి పారాయి. ఆమె ఒక కాలు, తర్వాత ఇంకో కాలు ఎత్తి పక్కకు జరిగింది. సాయంత్రం దాకా నిలబడ్డా ఆయన మళ్ళీ బయటికి రాలేదు.

బస్సులో తిరిగి వస్తున్నప్పుడు సూర్యకాంతమ్మ ఆ మాట ఎత్తలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా ఎత్తలేదు.

ఆగస్టు ఒకటిన భీమశంకరరావు గారు ఈశ్వరిని పిలిచి, "తేదీ దాటిపోయింది కదమ్మా, ఇంకెందుకు. ఇక్కడే చదువుకో" అన్నారు. ఆ వచ్చే జనవరిలో ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు అప్పలరాజు మంచం మీంచి కింద పడ్డాడు. పక్కింటావిడ చూసేసరికి ఒళ్ళు చల్లబడింది. ఆ సమయానికి ఈశ్వరి గాజువాకలో, ఫిజిక్సు ల్యాబు తలుపు తాళం ఎవరి దగ్గరుందో వెతుకుతూ ఉంది.

డిగ్రీ అయ్యాక ఆయనే కబురు పెట్టి ఉద్యోగం ఇచ్చారు. తల్లికి మోకాళ్ళు పట్టేశాయి, ఇల్లు గడవాలి కాబట్టి ఆమె చేరింది. మొదట్లో అంతకుమించి ఆలోచన లేదు. ఏడాది తిరిగేసరికి ఒక సంగతి అర్థమైంది. ఆయన సంతకం పెట్టే ప్రతి కాగితమూ తన చేతుల్లోంచే పోతోంది. ఆయన చదవరు. ఈశ్వరి తెచ్చిందంటే చాలు, పెన్ను తీస్తారు. అప్పట్నుంచి వేరే ఉద్యోగాల గురించి ఎవరైనా చెబితే ఆమె వినేది, వెళ్ళేది కాదు.

నాలుగేళ్ల కిందట కాలేజీకి అటానమస్ హోదా వచ్చింది. పరీక్షలు పెట్టుకోవడం, మార్కులు వేసుకోవడం అన్నీ సొంతమే. దానితోపాటే ఇంకో ఏర్పాటు వచ్చింది. ప్రతి విద్యార్థికీ ఒక నంబరు ఉంటుంది. చదివిన ప్రతి సబ్జెక్టుకూ వచ్చిన క్రెడిట్లను కాలేజీ ఆ నంబరు కింద ప్రభుత్వ పోర్టల్లో ఎక్కించాలి. ఇంకో కాలేజీకి మారాలనుకున్నవాడు ఆ నంబరు చెబితే చాలు, అక్కడివాళ్ళు తెరిచి చూసుకుంటారు. సీలు కవర్లు, గది ముందు పడిగాపులు ఇక అక్కర్లేదు. ఆ ఉత్తర్వు చదివిన రోజు ఈశ్వరి దాన్ని రెండుసార్లు చదివి, కిటికీలోంచి బయటికి చాలాసేపు చూస్తూ కూర్చుంది.

భీమశంకరరావు గారికి కూడా దాని అర్థం వెంటనే తెలిసింది. ఆ కాలేజీలో ల్యాబులు తెరవరు. లెక్చరర్లు ఆర్నెల్లకొకరు మారతారు. దారి దొరికితే సగం మంది పోతారని ఆయనకు తెలుసు. ఈశ్వరిని పిలిచి తలుపు వేయించి చెప్పారు. "మూడో సంవత్సరం అయిపోయినవాళ్ళవి మాత్రం ఎక్కించు. మిగతావి ఆపు. ఎవరైనా అడిగితే సర్వర్ ప్రాబ్లం అను."

"అలాగే సార్" అంది ఈశ్వరి.

అప్పట్నుంచి కౌంటరు దగ్గర ఆ మాట చెప్పడం ఆమె పని అయింది. సర్వర్ ప్రాబ్లం, రేపు రండి. ఆ మాట అనేటప్పుడు ఎదుటివాళ్ళ ముఖం చూడలేకపోయేది. అయినా చెప్పింది. కానీ ఒక పని మాత్రం ఎవరికీ తెలియకుండా చేస్తూ వచ్చింది. ప్రతి సెమిస్టరు మార్కులు ఖాయం కాగానే, పోర్టల్ అడిగే పద్ధతిలోనే వరుసలన్నీ తయారుచేసి, 'పాత టైమ్‌టేబుళ్ళు' అని పేరు పెట్టిన ఫోల్డర్లో దాచింది. ఎప్పుడు, ఎలా వాడతానో ఆమెకే తెలియదు.

కిందటి జూన్‌లో సత్యశ్రీ వచ్చింది. రెండో సంవత్సరం పూర్తయిన బీకాం పిల్ల. తండ్రి సన్యాసిరాజుకు పలాసలో జీడిపప్పు మిల్లులో పని దొరికింది, ఇల్లంతా అక్కడికి మారిపోతోంది. అక్కడి కాలేజీ మూడో సంవత్సరంలో చేర్చుకుంటానంది. నంబరు కొట్టి చూస్తే క్రెడిట్లు సున్నా.

ఆ పిల్ల నాలుగోసారి వచ్చినప్పుడు తండ్రి కూడా వెంట ఉన్నాడు. మిల్లులో చేరాల్సిన తేదీ దగ్గరపడి, చేతిలో బస్సు టిక్కెట్టు పట్టుకుని ఉన్నాడు.

"మేడమ్, మాకు సదువులు తెలీవు," అన్నాడు. "మా పిల్ల రెండేళ్లు సదివినాది గదా. సదివినట్టు సెప్పడానికి ఏటండీ అడ్డం?"

"సర్వర్..." అని మొదలుపెట్టి ఈశ్వరి ఆగిపోయింది.

"సర్వర్ అంటే ఎవరండీ? ఆయన్నే అడుగుతాను, ఎక్కడుంటారు?"

వెనక నిలబడ్డ కుర్రాళ్ళు ఇద్దరు నవ్వారు. సత్యశ్రీ సిగ్గుతో తండ్రి చెయ్యి పట్టి లాగింది. ఈశ్వరికి నవ్వు రాలేదు. ఆ మనిషి నవ్వులపాలు కావడానికి కారణం తనేనని తెలుసు. ఇన్నాళ్లూ ఆయన చేసిన పనే తను చేస్తోంది.

"నాలుగు రోజులు ఆగండి," అంది. "నాను సెప్తన్నాను. నాలుగు రోజులు."

నాలుగు రోజులని ఎందుకందో ఆమెకు ఖచ్చితంగా తెలుసు. వచ్చే సోమవారం అటానమస్ హోదా పొడిగించడానికి తనిఖీ టీము వస్తోంది. దానికి ముందు, శనివారంలోగా పంపాల్సిన రిపోర్టు ఆమె బల్ల మీదే ఉంది. అందులో ముప్ఫై రెండో పేజీలో ఒక గడి ఉంది. ఎంత శాతం మంది విద్యార్థుల క్రెడిట్లు ఎక్కించారు అని ప్రశ్న.

ఆ సాయంత్రం రిపోర్టు పట్టుకుని ఆయన గదికి వెళ్ళింది. భీమశంకరరావు గారు టీముకు ఏ హోటల్లో భోజనం పెట్టించాలా అని ఫోన్లో మాట్లాడుతున్నారు.

"సార్, ఈ గడిలో ఏం రాయాలి? మనం ఎక్కించింది పాస్ అయిపోయినవాళ్ళవే. ఇప్పుడున్నవాళ్ళవి ఏమీ లేవు."

"నూరు రాసెయ్."

"టీమువాళ్ళు పోర్టల్లో చూస్తే?"

"ఎవడు చూస్తాడమ్మా. వచ్చి టిఫిను తిని ఫొటోలు దిగి పోతారు. నూరు శాతం అని రాయి."

"కింద మీ సంతకం ఉండాలి సార్. మొత్తం విద్యార్థులందరి క్రెడిట్లు ఎక్కించామని ధ్రువీకరిస్తూ."

"పట్రా."

ఆమె అక్కడే నిలబడి పెన్నుతో నూరు అని రాసింది. ఆయన మూడు కాపీల మీద సంతకం పెట్టారు. తన స్టాంపు తనే తీసి గట్టిగా నొక్కారు. ఒక కాపీ ఈశ్వరి తన బ్యాగులో పెట్టుకుంది. 

మర్నాడు బుధవారం. భీమశంకరరావు గారు అనకాపల్లిలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళారు, శనివారానికిగానీ తిరిగి రారు. ఈశ్వరి ఉదయం తొమ్మిదింటికే వచ్చి కంప్యూటరు పెట్టింది. పాత టైమ్‌టేబుళ్ళు తెరిచింది. పదకొండు వందల నలభై ఆరు మంది. బీఎస్సీ, బీకాం, బీఏ ఒక్కొక్క ఫైలూ లోపలికి వెళ్తుంటే తెర మీద ఆకుపచ్చ గీత నెమ్మదిగా కదిలింది. రెండుచోట్ల పేర్లలో అక్షరం తేడా వచ్చి ఆగింది, సరిచేసింది. పదకొండు గంటలకు చివరి మెట్టు మిగిలింది. ప్రిన్సిపాల్ ఫోనుకు ఆరంకెల ఓటీపీ వెళ్తుంది, అది కొడితేగాని ముందుకు కదలదు.

ఫోను చేసింది. వెనక సన్నాయి వినిపిస్తోంది.

"సార్, మీ ఫోనుకి ఓటీపీ వచ్చుంటుంది. కాస్త చెప్పండి."

"దేనికమ్మా?"

"నూరు శాతం సార్. నిన్న సంతకం పెట్టారు కదా, దానికే."

"రిపోర్టుదా. ఉండు, కళ్ళజోడు లేదు." ఎవరికో ఫోను ఇచ్చారు. ఎవరో పిల్ల గట్టిగా ఆరంకెలూ చదివింది. ఈశ్వరి కొట్టింది.

ముందుగా రెండో అంతస్తులో ఎక్కడో ఒక ఫోను మోగింది. తర్వాత పక్క క్లాసులో రెండు. ఆ తర్వాత అన్నివైపులా మోతలే. క్రెడిట్లు ఖాతాలో చేరాయని ప్రతి విద్యార్థికీ మెసేజి పోతుంది, ఆ సంగతి ఆమె మర్చిపోయింది. క్లాసుల్లోంచి పిల్లలు వరండాల్లోకి వచ్చి ఒకరి ఫోను ఒకరు చూసుకుంటున్నారు. ఏం జరిగిందని లెక్చరర్లు ఒకర్నొకరు అడుగుతున్నారు.

సత్యశ్రీ పరిగెత్తుకుంటూ కౌంటరు దగ్గరికి వచ్చింది. "మేడమ్, వచ్చీసాయి."

"లోపలికి రా. ఇక్కడే అప్లై సేద్దాం."

ఈశ్వరి తన కుర్చీలోనే ఆ పిల్లను కూర్చోబెట్టింది. పలాస కాలేజీ పేరు ఎంచుకుంది, నంబరు కొట్టింది, ఒప్పుకుంటున్నాను అన్నచోట నొక్కింది. అవతలి కాలేజీ వాళ్ళు తెరిచి చూశారు. మూడో సంవత్సరంలో సీటు ఇస్తున్నామని జవాబు వచ్చేసింది. గోడ గడియారం చూస్తే మొదలుపెట్టి ఏడు నిమిషాలైంది.

సత్యశ్రీ ఏడ్చేసింది. ఈశ్వరి ఆమె భుజం తట్టింది గానీ లోపల మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఏడు నిమిషాల పని. ఈ ఏడు నిమిషాల పాటి పనికే కదా నెలంతా తన చుట్టూ తిప్పుకున్నాడు, అమ్మను నిలబెట్టాడు, నాన్న నేల మీద ఒంటరిగా పోయాడు. అప్పుడు ఈ పోర్టల్ లేకపోవచ్చు. ఒక సంతకం పెట్టడానికి ఏడు నిమిషాలు కూడా పట్టదు.

"మీ క్లాసులో ఎల్లిపోవాలనుకున్నోళ్ళు ఎంతమంది?" అని అడిగింది.

"చాలామంది, మేడమ్."

"అందర్నీ రమ్మను. టీసీ అప్లికేషన్లు కూడా ఈరోజే రాయమను."

శుక్రవారం సాయంత్రానికి రెండు వందల పద్నాలుగు టీసీ అప్లికేషన్లు వచ్చాయి. శనివారం ఉదయం భీమశంకరరావు గారు కాలేజీకి వచ్చేసరికి వరండా నిండా తల్లులూ తండ్రులూ కూర్చుని ఉన్నారు. షిఫ్టు దిగి హెల్మెట్లతో నేరుగా వచ్చినవాళ్ళు, పక్క ఊళ్ళ నుంచి షేరు ఆటోల్లో వచ్చినవాళ్ళు. ఆయన వాళ్ళ మధ్యలోంచి గదిలోకి వెళ్ళి ఈశ్వరిని పిలిచారు.

ఆయన అరవలేదు. కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు.

"ఏం చేశావమ్మా నువ్వు?"

"మీరు సంతకం పెట్టినదే సార్. నూరు శాతం అన్నారు. నూరు శాతం చేశాను."

"నేను రాయమన్నాను. చెయ్యమన్నానా?"

"అబద్ధం రాస్తే రేపు మీ మీదికే వస్తుంది సార్. అందుకని నిజం చేశాను."

ఆయన కాసేపు ఆమె ముఖంలోకి చూశారు. ఆ ముఖంలో ఏదో కొత్తగా కనిపించినట్టుంది. "నీకు నేనేం తక్కువ చేశాను? ఎవరూ లేనప్పుడు ఉద్యోగం ఇచ్చాను. కూతురిలా చూసుకున్నాను."

ఈ ప్రశ్న కోసం ఈశ్వరి పదేళ్లు ఎదురుచూసింది. బస్సులో, బాత్రూములో, నిద్ర పట్టనప్పుడు ఎన్నోసార్లు ఈ గదిలో నిలబడి జవాబు చెప్పుకుంది. ఇప్పుడు చెప్పింది. ఆడపిల్లల కాలేజీ, జులై ముప్ఫై ఒకటి, పదకొండుసార్లు, తట్టతో వచ్చిన తల్లి, జనవరిలో మధ్యాహ్నం. వరసగా, గొంతు పెంచకుండా చెప్పింది.

భీమశంకరరావు గారు నుదురు చిట్లించారు. "ఏ ట్రాన్స్‌క్రిప్టు?"

నటించడం లేదని ఆమెకు తెలిసిపోయింది. ఆయనకు నిజంగా గుర్తులేదు.

అప్పుడే చిట్టమ్మ టీ తెచ్చి బల్ల మీద పెట్టి వెనక్కి తిరగబోయింది.

"సిట్టమ్మా, ఆగు," అంది ఈశ్వరి. "మా అమ్మ వచ్చిన రోజు నీకు గుర్తుందా?"

చిట్టమ్మ పళ్ళెం గుండెకు ఆనించుకుని ఇద్దర్నీ చూసింది. "గుర్తుందమ్మా," అంది చివరికి. "నానే పోసినాను. సార్ పొయ్యమన్నారు."

"వరండాలో ఫినాయిలు రోజూ పోస్తాం కదా," అన్నారు భీమశంకరరావు గారు విసుగ్గా. "పన్నెండేళ్ల కిందటిదా? దానికా ఇదంతా?"

ఈశ్వరి అనుకున్నది ఇది కాదు. ఆ రోజు సంగతి చెప్పగానే ఆయన ముఖం మారుతుందని, తల దించుకుంటారని, కనీసం కోపమైనా తెచ్చుకుంటారని అనుకుంది. ఏదీ లేదు. తను పన్నెండేళ్లు మోసినదాన్ని ఆయన ఆ సాయంత్రమే దులిపేసుకుని ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాడు. ఆ సంగతి తెలిశాక ఆమెలో మిగిలిన కాస్త జంకు కూడా పోయింది.

చంకలో ఉన్న అప్లికేషన్ల కట్ట తీసి ఆయన ముందు పెట్టింది. "టీసీలు సార్. సంతకాలు పెట్టండి."

ఆయన కట్ట మందం చూశారు. పైకాగితం ఎత్తి కిందిది చూశారు, దాని కిందిది చూశారు. అప్పుడు మారింది ముఖం. "ఎంతమంది?"

"రెండు వందల పద్నాలుగు. ఇంకా వస్తన్నాయి."

"సోమవారం తర్వాత చూద్దాం."

"సోమవారం టీము వస్తాది సార్. అప్పటికి వీళ్ళు వరండాలోనే కూర్చుంటే, ఎందుకు కూర్చున్నారని టీమువాళ్ళు అడుగుతారు."

ఆయన కిటికీలోంచి చూశారు. వరండాలో సన్యాసిరాజు అందరికంటే ముందు కూర్చుని, తన కాగితం మడత నలగకుండా మోకాలి మీద పెట్టుకుని ఉన్నాడు. భీమశంకరరావు గారు పెన్ను తీశారు. ఈశ్వరి పక్కనే నిలబడి ఒక్కొక్క కాగితమూ తిప్పింది. ఎనభైవ కాగితం దగ్గర చెయ్యి నొప్పెడుతోందన్నారు. ఆమె కాగితం పట్టుకుని అలాగే నిలబడింది. నొప్పి తగ్గేదాకా ఆగి, తర్వాతది తిప్పింది. మధ్యాహ్నం భోజనానికి లేవనివ్వలేదు. టీ చల్లారిపోయింది.

సోమవారం టీము వచ్చింది. వాళ్ళలో ఒక పెద్దాయన నిజంగానే పోర్టల్ తెరిచి చూశాడు. నూరు శాతం ఉంది. ఈ జిల్లాల్లో ఇంత శుభ్రంగా చేసిన ప్రైవేటు కాలేజీ చూడలేదని, విద్యార్థుల బదిలీకి ఇలా దారి తెరవడం ఆదర్శమని రిపోర్టులో రాశాడు. భీమశంకరరావు గారికి శాలువా కప్పారు. ఆయన నవ్వారు. ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యడానికి లేదు. చేస్తే, తను సంతకం పెట్టిన మాట నిజమైపోయిందని ఫిర్యాదు చెయ్యాలి.

మంగళవారం ఈశ్వరిని ఉద్యోగంలోంచి తీసేశారు.

మధ్యాహ్నమే ఇంటికి వచ్చిన కూతుర్ని చూసి సూర్యకాంతమ్మ, "ఒంట్లో బాగోలేదేటి?" అని అడిగింది. గుమ్మం దగ్గర కూర్చుని కానాగంత చేపలు శుభ్రం చేస్తోంది.

ఈశ్వరి చెప్పాలా వద్దా అని ఆలోచించింది. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట. పక్కన పీట వాల్చుకుని కూర్చుని మొత్తం చెప్పింది. సూర్యకాంతమ్మ చేపలు కొయ్యడం ఆపలేదు. అంతా విన్నాక కత్తి పక్కన పెట్టింది.

"సంతకాలు నిన్ను పక్కన పెట్టుకునే సేసినాడా?"

"నా పక్కనే. నానే కాయితాలు తిప్పినాను."

"ఎన్ని?"

"రెండొందల పద్నాలుగు."

"కూడు తిననియ్యలేదా?"

"లేదు."

సూర్యకాంతమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంది. పన్నెండేళ్ల కిందటే అంతా మర్చిపోయిందనుకున్న తల్లి ముఖం వెలిగిపోవడం ఈశ్వరి చూసింది.

"ఆడి ముఖం ఎలా పెట్టినాడో సెప్పు. మొదట్నించి సెప్పు," అంది. "తొందరేటి లేదు."

ఆగస్టు నాటికి కాలేజీలో సగం మంది కూడా మిగల్లేదు. వెళ్ళినవాళ్ళు తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పారు, మొదటి సంవత్సరంలో కొత్తగా చేరినవాళ్ళు ముప్ఫై మంది. భౌతికశాస్త్రం ఎత్తేశారు, తర్వాత బీఏ ఎత్తేశారు. మిగిలినవాళ్ళూ వేరే కాలేజీలకు పోయాక, సంక్రాంతి సెలవుల తర్వాత గేటు తియ్యలేదు. కింది అంతస్తు ఫర్నిచరు షాపుకు ఇచ్చారు. భీమశంకరరావు గారు ఆ దారినే తిరగడం మానేశారని ఈశ్వరి వింది. సత్యశ్రీ పలాసలో డిగ్రీ ఆఖరు పరీక్షలు రాస్తోంది.

ఈశ్వరికి మరో కాలేజీలో ఉద్యోగం రాలేదు. యజమానులు ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆరు నెలలు ఖాళీగా ఉండి, సీతమ్మధారలో ఒక క్లినిక్కులో టోకెన్లు ఇచ్చే పనిలో చేరింది. పశ్చాత్తాపం ఉందా అని తెలిసినవాళ్ళు అడిగితే లేదనే చెప్పేది. ఆ మాట నిజమే. ఒక్క చిట్టమ్మ విషయంలో తప్ప.

గేటు మూసిన వారం చిట్టమ్మ జాలారిపేట వెతుక్కుంటూ వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

"నీ పగ తీర్సుకున్నావు," అంది ఈశ్వరితో. "మంచిదే. ఆడికి అలాగే అవ్వాలి. మరి నానేటి సేసినాను? ఇరవై ఏళ్లు ఊడిసినాను అక్కడ. ఇప్పుడు నా కూడు పోయినాది. నన్ను ఒక్క మాట అడిగినావా? ఆ గదిలో సాచ్చెం సెప్పించుకున్నావు గానీ."

ఈశ్వరి అడగలేదు, నిజమే. పదకొండు వందల మంది పేర్లు వరుసలు కట్టింది గానీ ఈమెను ఏ వరుసలోనూ తలచుకోలేదు.

లోపలి నుంచి సూర్యకాంతమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది. చిట్టమ్మ తల దించుకుంది.

"నీ మీద నాకు ఎప్పుడూ కోపం లేదు," అంది సూర్యకాంతమ్మ. "సెయ్యి నీది, నోరు ఆడిది. లోపలికి రా, కూకో."

చిట్టమ్మ లోపలికి రాలేదు. కానీ తర్వాతి నెలలో మళ్ళీ వచ్చింది. సూర్యకాంతమ్మ తనకు తెలిసిన వాళ్ళతో మాట్లాడి ఎండుచేపలు ఇప్పించింది. ఇప్పుడు చిట్టమ్మ వాటిని గాజువాకలో రోడ్డు పక్కన గోనె పరుచుకుని అమ్ముతోంది. సరుకు కోసం పది రోజులకొకసారి వస్తుంది. సూర్యకాంతమ్మతో గుమ్మంలో కూర్చుని కబుర్లు చెబుతుంది, టీ తాగుతుంది. ఈశ్వరి ఎదురుపడితే మాత్రం తట్ట సర్దుకుని లేస్తుంది. ఆ కోపం ఎన్నాళ్లుంటుందో ఈశ్వరికి తెలియదు. కోపాలు ఎంతకాలం బతుకుతాయో తెలిసిన మనిషి కనుక, ఆమె కూడా తొందరపెట్టలేదు.